‘అయిపోతే చాలు’ అనిపించినప్పుడు కోర్టులో ఏం చేయాలి

1999లో నాకు పదిహేడేళ్ళు. లాల్ బహదూర్ ఇండోర్ స్టేడియంలో ఓ బ్యాడ్మింటన్ టోర్నమెంట్. మూడో గేమ్‌లో నేను 10-3తో ముందున్నాను. అప్పటి లెక్క వేరు. అమ్మాయిల సింగిల్స్ 11 పాయింట్లకే ఉండేది, సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింటు. నాకు కావాల్సింది ఒక్కటంటే ఒక్కటి. అవతలి అమ్మాయి సర్వీసు లాక్కుంటూ, ఒక్కో పాయింటూ ఏరుకుంటూ 10-10కి వచ్చేసింది. అలాంటప్పుడు ముందుగా పదికి చేరినవాళ్ళను అంపైర్ అడిగేవారు, సెట్టింగ్ తీసుకుంటావా అని. తీసుకుంటే ఆట 13 దాకా నడుస్తుంది, వద్దంటే 11కే తేలిపోతుంది. నేను వద్దన్నాను.

ఆ అమ్మాయి కన్నా నా డ్రాప్ మేలు, నా ఫుట్‌వర్క్ మేలు. ఆట సాగేకొద్దీ నాకే లాభమని నాకు తెలుసు. అయినా వద్దన్నాను. ఆ నిమిషంలో గెలవాలనీ లేదు, ఓడిపోతానన్న భయమూ లేదు. అయిపోతే చాలనిపించింది, అంతే. 10-11తో అయిపోయింది.

ఇప్పుడు హబ్సిగూడ దగ్గర ఓ రేకుల షెడ్డులో, రెండు కోర్టుల్లో పిల్లలకు షటిల్ నేర్పుతున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో చేతిలో ఎంతో ఆట ఉన్న పిల్లలు ఓడిపోవడం, మామూలు చెయ్యి ఉన్నవాళ్ళు గెలిచి బయటికి రావడం లెక్కలేనన్నిసార్లు చూశాను. ఓడిపోయిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు. “జల్ది అయిపోతే మంచిగుండు అనిపించింది మేడం.” పట్టుదల అని మనం పెద్ద పేరు పెట్టుకున్నది నా దృష్టిలో చాలా చిన్న విషయం. ఆ కోరిక వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం. అది పుట్టుకతో వచ్చేదైతే నేను నేర్పలేను. బ్యాక్‌హ్యాండ్ లాగే అది కూడా నేర్పితే వస్తుంది. ఎలా నేర్పుతానో ఇక్కడ రాస్తున్నాను. కోచ్‌లకూ, పిల్లల్ని పొద్దున్నే ఆటకు తీసుకొచ్చే అమ్మానాన్నలకూ పనికొస్తుందని.

ముందుగా ఒక మాట. స్కిల్ అక్కర్లేదని నేను అనడం లేదు. గ్రిప్ తప్పు పట్టిన పిల్ల ఎంత మొండిదైనా బ్యాక్‌హ్యాండ్ క్లియర్ వెనక గీత దాకా పోదు. అయితే ఒకే బ్యాచ్‌లో, ఒకే వయసులో, ఒకే కోచ్ దగ్గర ఆడేవాళ్ళ మధ్య స్కిల్ తేడా మనం అనుకున్నంత ఉండదు. పైగా ఆ స్కిల్ కూడా మూడేళ్ళు మానకుండా వచ్చినవాళ్ళకే వస్తుంది. మానకుండా రావడానికి ఏం కావాలో మళ్ళీ అదే ప్రశ్న.

ముందు గుర్తుపట్టండి

మనసు వదిలేసిన పిల్ల “నేను వదిలేశాను” అని చెప్పదు. కాళ్ళూ చేతులూ చెబుతాయి. సర్వీసు తొందర తొందరగా చేసేస్తుంది, అవతలివాళ్ళు సర్దుకున్నారో లేదో చూడకుండానే. వెనక మూలలో, ఒంటికాలి మీద ఉండి స్మాష్ కొడుతుంది. అది ధైర్యం కాదు, ర్యాలీని ఎటో ఒకటు తేల్చేయాలన్న తొందర. గీత మీదికి వచ్చే షటిల్‌ను అవుట్ అని వదిలేస్తుంది. కింద పడ్డ షటిల్ తేవడానికి కాళ్ళు ఈడుస్తూ వెళ్తుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, పాయింటు పోగానే గ్యాలరీలో అమ్మానాన్నల వైపు చూస్తుంది.

ఈ ఐదు గుర్తుల్లో రెండు కనిపిస్తే చాలు. ఆ తర్వాత “స్మాష్ కొట్టు”, “డ్రాప్ వెయ్” అని పక్కనుంచి అరవడం దండగ. చేతికి అన్నీ వచ్చు. అరిస్తే ఆ పిల్లకు ఇంకా తొందరగా అయిపోవాలనిపిస్తుంది. నేను చాలా ఏళ్ళు అరిచాను కాబట్టి చెబుతున్నాను.

షటిల్ గాల్లో లేనప్పుడు

ఈసారి ఏదైనా సింగిల్స్ మ్యాచ్‌ని గడియారం పెట్టుకుని చూడండి. చాలా ర్యాలీలు ఐదు నుంచి పది సెకన్లే. తర్వాత షటిల్ తెచ్చుకోవడం, చెమట తుడుచుకోవడం, నిలబడటం. మ్యాచ్ మొత్తంలో షటిల్ గాల్లో ఉన్న సమయం కన్నా లేని సమయమే ఎక్కువ. ఆ ఖాళీలోనే మనసు పాడవుతుంది, ఆ ఖాళీలోనే బాగవుతుంది. మనం మాత్రం గంటల తరబడి ర్యాలీలే నేర్పుతాం. ఆ ఖాళీలో ఏం చేయాలో ఒక్క రోజు కూడా నేర్పం.

నా బ్యాచ్‌లో రాకెట్ పట్టిన రెండో నెల నుంచి ఇది నేర్పుతాను. పాయింటు పోయినా, వచ్చినా ఒకేలా చేయాలి.

మొదట నెట్‌కు వీపు తిప్పాలి. అవతలివాళ్ళ మొహం, వాళ్ళ సంబరం మనకు అనవసరం. రాకెట్ కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకోవాలి. దీనికి కారణం ఉంది. భయం వేసినప్పుడు వేళ్ళు గ్రిప్‌ను పీక పిసికినట్టు పిసుకుతాయి, మణికట్టు బిగుసుకుపోతుంది, తర్వాతి డ్రాప్ నెట్‌లోకే పోతుంది. చెయ్యి మారిస్తే వేళ్ళు వాటంతట అవే వదులవుతాయి. తర్వాత గట్స్‌ని, అంటే రాకెట్ తీగల్ని, వేళ్ళతో సరిచేసుకుంటూ వెనక గీత దాకా నడవాలి. గట్స్ జరగకపోయినా సరే, కళ్ళు వాటి మీదే ఉండాలి, గ్యాలరీ మీదికి పోకూడదు. ముక్కుతో ఒక ఊపిరి లోపలికి, నోటితో పొడుగ్గా బయటికి. ఆ ఊపిరి వదిలేటప్పుడు ఒక మాట అనుకోవాలి. అప్పుడు వెనక్కి తిరగాలి.

ఆ మాట దగ్గర జాగ్రత్త. “గెలవాలి”, “ఇది పోవద్దు” అనుకుంటే మనసు స్కోరు దగ్గరికే పోతుంది. చేయాల్సిన పనిని గుర్తుచేసే మాట కావాలి. “ఎత్తుగా.” “లోతుగా.” “మోకాళ్ళు.” ఎవరి మాట వాళ్ళే ఎంచుకోవాలి, నేను ఇవ్వను. ఒక పాప ‘పెనం’ అనుకుంటుంది. కాళ్ళు వేడి పెనం మీద పెట్టినట్టు కదలాలని నేనెప్పుడో అన్నానట, నాకు గుర్తు లేదు, తను పట్టుకుంది. కీలకమైన పాయింట్ల దగ్గర ఆ పాప పెదాలు ‘పెనం’ అని కదలడం నాకు ఇవతలి నుంచి కనిపిస్తుంది. వెంటనే మడమలు లేస్తాయి.

ఇదంతా కలిపి పది సెకన్లు దాటకూడదు. కావాలని ఆలస్యం చేస్తే అంపైర్ ఒప్పుకోరు. కాబట్టి ప్రాక్టీసులోనే గడియారంతో చేయించండి. మొదట్లో పిల్లలు నవ్వుకుంటారు, కొందరికి సిగ్గు. నెల రోజులు విడవకుండా చేయిస్తే స్నానం చేసినంత మామూలైపోతుంది.

వెనకబడి ఆడటం కూడా ప్రాక్టీస్ చేయించాలి

ప్రాక్టీస్ మ్యాచులన్నీ 0-0 నుంచే మొదలుపెట్టడం మనకు అలవాటు. కానీ పిల్లలు విరిగిపోయేది 0-0 దగ్గర కాదు. అందుకే మంగళవారం, శుక్రవారం మా దగ్గర 21 పాయింట్ల ఆట 8-17 నుంచి మొదలవుతుంది. బాగా ఆడేవాళ్ళను వెనక పెడతాను. గెలవమని చెప్పను. 15కి చేరమంటాను. 8-17 నుంచి గెలవమంటే ఏ పిల్లకైనా గుండె జారుతుంది. 15కి చేరమంటే ఏడు పాయింట్లే కదా అనిపిస్తుంది. పదిసార్లు ఆడితే ఒకటో రెండోసార్లు 15 దాటి గెలుస్తారు కూడా. ఆ ఒక్కసారి వాళ్ళ ఒంట్లో ఉండిపోతుంది.

దానికి ఎదురు ఆట కూడా ఉంది, అది ఇంకా ముఖ్యం. 18-10తో ముందుండి ముగించడం. అయిపోతే చాలన్న జబ్బు వెనకబడ్డవాళ్ళ కన్నా ముందున్నవాళ్ళకే ఎక్కువ వస్తుందని నా అనుభవం. 10-3 నా కథే. అందుకని 18-10 ఆటలో ముందున్న పిల్ల ప్రతి పాయింటు తర్వాత ఆ పది సెకన్ల పద్ధతి పూర్తిగా చేయాలి. ఒక్క అడుగు మర్చిపోయినా పాయింటు అవతలికి ఇస్తాను. ఏడ్చినవాళ్ళున్నారు. ఇస్తాను.

2016 ఆగస్టు 19న సాయంత్రం బ్యాచ్ ఆపేసి పిల్లలందరం వాచ్‌మన్ గదిలో టీవీ ముందు కూర్చున్నాం. రియో ఒలింపిక్స్‌లో సింధు ఫైనల్. మొదటి గేమ్‌లో కరోలినా మారిన్ 19-16తో ముందుంది. అక్కడి నుంచి సింధు వరసగా ఐదు పాయింట్లు తీసుకుని 21-19తో గేమ్ గెలిచింది. పిల్లలు మంచం మీది నుంచి దూకారు. తర్వాతి రెండు గేములూ మారిన్‌వే, 21-12, 21-15. మా పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. ఆ ఐదు పాయింట్లను నేను ఇప్పటికీ పాఠంగా చెబుతాను. వాటి తర్వాత వచ్చిన మూడేళ్ళు ఇంకా పెద్ద పాఠం. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు. 73 షాట్ల ర్యాలీ గెలిచి రెండో గేమ్ తీసుకుంది, చివరికి మూడో గేమ్ 20-22తో పోయింది. 2018లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓటమి. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరా మీద 21-7, 21-7. ఆ మూడేళ్ళలో ఆమె ఆట పెరిగింది, ఒంట్లో బలం పెరిగింది, కాదనను. కానీ రెండేళ్ళు వరసగా ఫైనల్లో ఓడి, మూడో ఏడాది ఫైనల్ దాకా రావడం స్కిల్ ఒక్కటే చేయించగలిగే పని కాదు.

సింధు గురించి ఇంకొకటి చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు. మొదట్లో ఆమె కోర్టులో చాలా నెమ్మదిగా ఉండేదట. కోర్టు మధ్యలో నిలబడి అందరి ముందూ గట్టిగా అరిస్తే తప్ప రాకెట్ ముట్టుకోనివ్వనని గోపీచంద్ ఆమె కోచ్‌గా పట్టుబట్టిన సంగతి ఆయనే చెప్పారు. నాకు ఆ మాట గుండెకు తగిలింది. మన ఇళ్ళలో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి ఏం చెబుతాం? “మెల్లగ మాట్లాడు.” “ఇకిలించకు.” “ఎవరన్నా ఇంటరు.” అలా పెరిగిన పిల్ల 19-19 దగ్గర పాయింటు గెలిచినా, ఎవరికో సారీ చెప్పాలన్నట్టు తల దించుకుని నడుస్తుంది. అవతలి పిల్ల దాన్ని చూస్తుంది. అందుకని మా షెడ్డులో శనివారం పొద్దున వార్మప్ అయ్యాక ఒక్కొక్కరూ కోర్టు మధ్యలోకి వచ్చి గొంతెత్తి అరవాలి. మొదటి వారం గొంతు పెగలదు. ఒక పాపకు నాలుగు వారాలు పట్టింది. ఐదో శనివారం అరిచింది, రేకులు మోగాయి, తనే చెవులు మూసుకుంది. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే వెళ్ళి చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ళ మనవరాలు కూడా వస్తోంది.

చెప్పిన లెక్క దాటకండి

మల్టీ షటిల్ ప్రాక్టీసులో, అంటే కోచ్ ఒకదాని వెంట ఒకటి షటిల్స్ వేస్తుంటే పిల్ల ఆడే ప్రాక్టీసులో, ముప్పై అని చెప్పి నలభై వేసే కోచ్‌లు ఉన్నారు, పిల్లల్ని గట్టిపరుస్తున్నామనుకుని. నేనూ వేసేదాన్ని. దానివల్ల పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, మేడం మాట నమ్మకూడదని. నలభై వస్తాయేమోనని మొదటి ఇరవైలో కాళ్ళు దాచుకుంటారు. ఇప్పుడు ముప్పై అంటే ముప్పైయే. కాకపోతే లెక్కలోకి వచ్చేది చివరి ఐదే. 26 నుంచి 30 దాకా ఎన్ని గీత లోపల పడ్డాయో అవే గోడ మీది చార్టులో రాస్తాను. ఊపిరి అందనప్పుడు ఆడే ఐదు షటిల్సే ఆ పిల్ల అసలు ఆట అని చెబుతాను. రెండు వారాల్లో చూడండి, 25 తర్వాత మొహాలు ఎలా మారతాయో.

నొప్పి సంగతి

ఇది చెప్పకుండా పట్టుదల గురించి మాట్లాడటం పాపం. కొన్నేళ్ళ కింద నా దగ్గర ఓ పిల్ల చీలమండ మెలిపడింది. సెమీఫైనల్, రెండు గేముల మధ్య. “ఆడతావా?” అన్నాను. ఆ వయసు పిల్లను కోచ్ అలా అడిగితే ఆడననదు. ఆడింది, గెలిచింది, తర్వాత ఆరు వారాలు నేల మీద కాలు పెట్టలేకపోయింది. ఆ గెలుపు కప్పు నా బీరువాలో ఉంది, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. తప్పు నాది.

అప్పటి నుంచి మా నియమం ఇది. కండ మండితే, ఊపిరి ఆడకపోతే, కాళ్ళు బరువెక్కితే ఆట ఆగదు. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే, వాపు కనిపిస్తే, నడక మారితే ఆట అక్కడే ఆగుతుంది, స్కోరు 20-19 అయినా సరే. ఆపే నిర్ణయం పిల్లది కాదు, నాది. గాయంతో ఆడటం పట్టుదల కాదు. ఆరు వారాలు అరుగు మీద కూర్చుని, రోజూ చెప్పిన ఎక్సర్‌సైజ్ చేసి, మళ్ళీ మొదటి నుంచి ఫుట్‌వర్క్ మొదలుపెట్టడం పట్టుదల. మోకాలి సర్జరీలు అయ్యాక గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నమెంట్ గెలిచారు. ఆ గెలుపును మేం పేపర్లో చదివాం. దాని వెనక కాలు చాపుకుని కూర్చున్న నెలలు ఎవరూ ఫొటో తీయలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో

మా మొదటి బ్యాచ్ పొద్దున ఐదుంపావుకు. మెట్రో ఆరింటికి గానీ కదలదు కాబట్టి తల్లులో తండ్రులో స్కూటీల మీద తెస్తారు. చలికాలంలో వెనక సీట్లో పిల్ల నాన్న వీపుకు తల ఆనించి నిద్రపోతూనే వస్తుంది. సైనాను వాళ్ళ నాన్న రాజేంద్రనగర్ నుంచి లాల్ బహదూర్ స్టేడియానికి తెల్లవారుజామున స్కూటర్ మీద తెచ్చిన సంగతి ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. తండ్రి పోయిన దుఃఖంలోనూ సిరాజ్ ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి, బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీసిన సంగతీ వచ్చు. చెప్పండి, మంచిదే, పిల్లల కళ్ళు మెరుస్తాయి. కానీ ఓడిన రోజు మాత్రం చెప్పకండి. ఓడిన రోజు ఆ కథ వింటే పిల్లకు తనలో ఏదో లోపం ఉందనే అర్థమవుతుంది.

మ్యాచ్ ఓడాక స్కూటీ మీద ఇంటికి వెళ్ళే అరగంట చాలా విలువైంది. “ఎందుకట్ల ఆడినవ్?”, “గంత అల్కటి షాట్ ఎట్ల మిస్ చేసినవ్?” అని అక్కడ మొదలుపెడితే, వచ్చే మ్యాచ్‌లో 15-18 దగ్గర ఆ పిల్లకు గుర్తొచ్చేది షటిల్ కాదు, ఈ స్కూటీ ప్రయాణం. అప్పుడు నిజంగానే ‘జల్ది అయిపోతే మంచిగుండు’ అనిపిస్తుంది. ఆ అరగంట ఆట మాట ఎత్తకండి. “ఏం తింటవ్ బిడ్డా?” అనండి. బండి ఆపి ఇడ్లీ తినిపించండి. తనంతట తను చెబితే వినండి. నేను తల్లిదండ్రులకు పెట్టే షరతు ఇదొక్కటే, ఫీజు కన్నా దీని మీదే గట్టిగా ఉంటాను.

ఆట గురించి మాట్లాడే చోటు వేరే ఉంది, నోట్‌బుక్. మ్యాచ్ అయిన రోజు రాత్రి మూడు లైన్లు. ఎక్కడ అయిపోతే చాలనిపించింది? అప్పుడు ఏం చేశావు? ఈ వారం ఏం ప్రాక్టీస్ చేస్తావు? అంతకు మించి వద్దు. ఇంగ్లీషు మీడియం పిల్లలనైనా తెలుగులోనే రాయమంటాను, ఇంట్లో మాట్లాడినట్టే. ఇంగ్లీషులో అయితే ‘ఐ ప్లేడ్ బ్యాడ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తెలుగులో అబద్ధం చెప్పడం వాళ్ళకు కష్టం.

మొన్న ఆదివారం అండర్-13 మ్యాచ్. మా పాప మొదటి గేమ్ పోగొట్టుకుంది, రెండోదాంట్లో 8-17. నేను వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. మూడు గుర్తులు కనిపిస్తున్నాయి, తొందర సర్వీసు, ఒంటికాలి స్మాష్, నాన్న వైపు చూపు. ఇంకో పాయింటు పోతే ఇక అంతే అనుకున్నాను. తను షటిల్ తీసుకుని సర్వీస్ గీత దాకా వచ్చింది, ఆగింది. అంపైర్‌ను అడిగి వంగి బూటు లేసు విప్పింది, మళ్ళీ కట్టుకుంది. లేచి రాకెట్ ఎడమ చేతిలోకి మార్చింది. గట్స్ చూసుకుంది. పెదాలు కదిలాయి.

సోమవారం పొద్దున నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, మొహం చూపించకుండా నెట్ కట్టడానికి వెళ్ళిపోయింది. అందులో ఇలా ఉంది.

“8-17 కాడ అనిపించింది. లేసు కట్టుకున్న, పెనం అనుకున్న, ఏడు పాయింట్లు నేనే తీసుకున్న. తర్వాత 15-21 ఓడిపోయిన, ఎందుకంటే ఆమె అన్నీ నా బ్యాక్‌హ్యాండ్ మూలకే ఏసింది. బుధవారం ఆ మూలకు ముప్పై షటిల్స్ ఏయండి మేడం, ముప్పైయే.”

బుధవారం ముప్పై వేశాను. చివరి ఐదులో మూడు గీత లోపల పడ్డాయి, చార్టులో మూడు అని రాశాను.